చివర కొంచెం ఉంది

అటక మీది ఇనప్పెట్టె కిందికి దించి మూత తీశానో లేదో, పుల్లటి వాసన గుప్పుమంది. మా ఆవిడ వంటింట్లోంచి "ఏం ఒలకబోశారండీ?" అని కేకేసింది. ఏమీ ఒలకలేదు. టేపులు ముసలివయ్యాయి, అంతే. పాతరకం ఎసిటేట్ టేపు చెడిపోయేటప్పుడు వెనిగర్ వాసన కొడుతుంది. లోపలి పదార్థం విరిగి ఎసిటిక్ ఆమ్లం బయటికొస్తుంది, వెనిగర్‌లో ఉండేదీ అదే. ఒక రీలుకు మొదలైతే పక్క రీళ్ళకూ అంటుకుంటుంది. పెట్టెలో పదకొండు రీళ్ళున్నాయి. మద్రాసులో నేను పనిచేసిన స్టూడియో మూసేసిన రోజు, పాత సామాన్లవాడి బండిలోకి ఎక్కించబోతుంటే అడిగి తెచ్చుకున్నవి.

ఆ వాసనతో రెండు గదులు కళ్ళముందుకొచ్చాయి. ఒకటి కోడంబాకంలో, నా ఉద్యోగం మొత్తం గడిచిన గది. రెండోది అమెరికాలో, మెంఫిస్ ఊళ్ళో, 706 యూనియన్ అవెన్యూ. ఆ రెండో గదిలో నేను గడిపింది అన్నీ కలిపినా మూడు గంటలుండదు. కానీ అందులో ఒక రాత్రి పుట్టిన పాట నన్ను పదేళ్ళ వయసులో పట్టుకుంది, ఇప్పటిదాకా వదల్లేదు.

* * *

మాది బిట్రగుంట. నెల్లూరుకీ కావలికీ మధ్య, రైల్వేవాళ్ళ ఊరు. లోకో షెడ్డు, బొగ్గు కుప్పలు, రన్నింగ్ రూము, వరసగా క్వార్టర్లు. మా నాయన ఆవిరి ఇంజన్ మీద ఫైర్‌మన్. రాత్రి ఏ రెండింటికో కాల్‌బాయ్ లాంతరు పట్టుకొచ్చి తలుపు కొట్టేవాడు. పుస్తకంలో సంతకం పెట్టించుకుని ఇంకో ఇంటికి పోయేవాడు. నాయన లేచి మొహం కడుక్కుని, అమ్మ కట్టిచ్చిన క్యారియరు పట్టుకుని చీకట్లో నడిచిపోయేవాడు. కొంచెంసేపటికి షెడ్డు వైపు నుంచి కూత వినపడేది. "మీ నాయన బండి" అనేది అమ్మ, పక్కమీద అటు తిరిగి పడుకుంటూ. అన్ని కూతల్లో ఆ కూత ఆమెకెలా తెలిసేదో!

మా వరసకు ఎదురుగా డ్రైవర్ల పెద్ద క్వార్టర్లు. వాటిల్లో చాలావరకు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు. నాయన ఎవరి ఇంజన్లో బొగ్గేసేవాడో ఆ డ్రైవరుగారి ఇల్లు సరిగ్గా మా గుమ్మానికి ఎదురు. ఆయన్ని నేను అంకుల్ అనేవాణ్ణి. వాళ్ళింట్లో పెద్ద వాల్వు రేడియో ఉండేది. స్విచ్చేస్తే వెంటనే పలికేది కాదు. వాల్వులు వేడెక్కాలి, అద్దం వెనక పచ్చటి కన్ను వెలగాలి, గురగురమనాలి, ఆ తర్వాతే రేడియో సిలోన్. శనివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు ఉందంటే అంకుల్ మధ్యాహ్నం నుంచే వరండాలో కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టేవాడు. మెట్ల మీద నేను. మాటలుండవు. రేడియో, బ్రష్షు, షెడ్డులో ఇంజన్ల బుసలు.

అలాంటి ఒక శనివారం ఆ పాట వచ్చింది. అలలు అలలుగా, దగ్గరికొస్తూ దూరం పోతూ. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ కింద ఏదో కొడుతున్నారు. డప్పు కాదు, మృదంగం కాదు. టకటకా టకటకా అని చెక్క మీద కొట్టినట్టు ఒకటే నడక.

"డ్రమ్ము లేదు కదంకుల్, ఆ దెబ్బేంది?" అని అడిగాను.

ఆయన పాలిష్ డబ్బా కింద పెట్టి, ఆ వచ్చీరాని తెలుగులో, "పెద్ద ఫిడేలు బాబూ, మనిషి అంత ఎత్తు. తీగ లాగి వదిలితే చెక్కకి తగులుద్ది" అని, తన క్యారియరు బోర్లించి దాని మీద వేళ్ళతో వాయించి చూపించాడు. పాట అప్పటికే అయిపోయింది. రెండు నిమిషాలు కూడా లేదు. ఆయన మాత్రం వాయిస్తూనే ఉన్నాడు.

డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన నాయన, మసి మొహంతో గేటు దగ్గర నిలబడి విని, "బండి పాయింట్ల మీద పోయినట్టుంది" అన్నాడు. పాయింట్లంటే పట్టాలు చీలే చోటు. ఆ పాట గురించి నేను తర్వాత ఎన్నో చదివాను. నాయన మాటంత సరైన మాట నాకింకెక్కడా దొరకలేదు.

పాట పేరు 'దట్స్ ఆల్ రైట్' అని, పాడినవాడు ఎల్విస్ ప్రెస్లీ అని, అతని మొదటి రికార్డు అదేనని అంకుల్ చెప్పాడు. కొన్నాళ్ళకు ఆ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. రేడియోని నాయనకిచ్చి వెళ్ళారు. వెనకచెక్క ఊడదీసి వాల్వులు చూడటం, తడిచేత్తో ముట్టుకుని దెబ్బ తినడం, సోల్డరింగు నేర్చుకోవడం, అట్నుంచి మద్రాసు. నా దారి ఆ రేడియోలోంచే వచ్చింది.

* * *

మద్రాసు స్టూడియోలో నా మొదటి పని టేపు కుర్రాడి పని. పొద్దున్నే స్పిరిట్‌లో ముంచిన దూదితో మిషను హెడ్లు తుడవాలి. రీళ్ళు వెనక్కి చుట్టాలి. డబ్బాల మీద పేర్లు రాయాలి. రెండేళ్ళ తర్వాత బ్లేడు చేతికిచ్చారు. టేపుని ఇత్తడి గాడిలో పరిచి, ఏటవాలుగా కోసి, రెండు కొసలూ కలిపి తెల్ల టేపు అంటించాలి. అతుకు మీదుగా పోయినప్పుడు వినేవాడికి తెలియకూడదు. ఎసిటేట్ టేపు తెగితే గాజులా తెగుతుంది, సాగదు, అతకడం తేలిక. తర్వాతొచ్చిన పాలియెస్టర్ టేపు తెగడానికి ముందు సాగిపోయి పాట గొంతు పిసికేస్తుంది.

అప్పుడు అందరూ ఒకేసారి వాయించాల్సిందే. పాడే మనిషి, వయొలిన్లు, తబలా, ఫ్లూటు, అంతా ఒక గదిలో. టేపు మీద ఒక్కటే ట్రాకు. తబలా ఎక్కువైందంటే బటన్ తిప్పితే సరిపోదు, ఆయన్ని జంపఖానాతో సహా రెండడుగులు వెనక్కి జరపాలి. పాడేవాళ్ళు పైస్థాయికి వెళ్ళేటప్పుడు మైకు నుంచి తల కొంచెం వెనక్కి తీసుకోవాలి, అది వాళ్ళకే తెలియాలి. చివరి చరణంలో ఎవరో ఒకరు తడబడితే మళ్ళీ మొదటి నుంచి. గాయనికి దగ్గొస్తే, వీధిలో ఆటో హారన్ కొడితే, మళ్ళీ మొదటి నుంచి. మా పెద్దాయన, అంటే మా ముఖ్య రికార్డిస్టు, కళ్ళు మూసుకుని వినేవాడు. నచ్చితే మాట్లాడేవాడు కాదు, ఒక వేలు పైకెత్తేవాడు.

ప్రతిధ్వని కావాలంటే మేడమెట్ల దారిలో ఒక స్పీకరు పెట్టి, పై అంతస్తులో మైకు పెట్టి, ఆ చప్పుడు పట్టి పాటలో కలిపేవాళ్ళం. ఆ కాసేపు మెట్లెక్కడం నిషేధం. కాఫీ తెచ్చే కుర్రాడు కింద ఫ్లాస్కు పట్టుకుని బొమ్మలా నిలబడేవాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మెంఫిస్ గదిలో అడుగుపెట్టినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు. ముక్కూ మొహం తెలిసిన చుట్టాలింటికి వెళ్ళినట్టే అనిపించింది.

* * *

మా పెద్దమ్మాయి, అల్లుడు మెంఫిస్‌లో ఉంటారు. ఫెడెక్స్ వాళ్ళ ప్రధాన కార్యాలయం ఆ ఊళ్ళోనే, ఆ చుట్టుపట్ల మనవాళ్ళు బాగానే ఉన్నారు. మొదటిసారి వెళ్ళినప్పుడు "నాన్నా, ఏం చూస్తారు, నది చూస్తారా, జూ చూస్తారా?" అంది. నేను చిరునామా చెప్పాను. అది నవ్వింది. ఇన్నేళ్ళూ రోజూ ఆ దారినే ఆఫీసుకు పోతోందట.

రోడ్డు మలుపులో చిన్న ఇటుక భవనం. పక్కనే ఒకప్పుడు టేలర్స్ అనే కాఫీ హోటలు ఉండేది. స్టూడియోలో సరైన ఆఫీసు గది లేక యజమాని సామ్ ఫిలిప్స్ ఆ హోటలు బల్లల దగ్గరే మనుషులతో మాట్లాడేవాడు. సామ్ ఫిలిప్స్‌ది అలబామా రాష్ట్రంలో ఫ్లోరెన్స్. రేడియో ఇంజనీరుగా మెంఫిస్ వచ్చాడు. 1950 జనవరిలో ఈ గది అద్దెకు తీసుకుని మెంఫిస్ రికార్డింగ్ సర్వీస్ అని బోర్డు పెట్టాడు. ఏదైనా, ఎక్కడైనా, ఎప్పుడైనా రికార్డు చేస్తామని ప్రకటన. పెళ్ళిళ్ళు కూడా రికార్డు చేశాడు. కానీ అతని మనసంతా నల్లజాతివాళ్ళ బ్లూస్ మీద. ఆ ఊళ్ళో వాళ్ళ పాటకు మైకు పెట్టేవాళ్ళు దాదాపు లేని కాలంలో బి.బి. కింగ్‌నీ హౌలిన్ వుల్ఫ్‌నీ పిలిచి పాడించాడు. 1951లో ఇక్కడే 'రాకెట్ 88' రికార్డు చేశారు. రాక్ అండ్ రోల్‌కి మొదటి రికార్డు అదేనని చాలామంది అంటారు. దారిలో గిటార్ ఆంప్లిఫయర్ దెబ్బతింటే, బాగుచేయించే వీల్లేక లోపల కాగితం కుక్కి వాయించారు. ఆ బొంగురు చప్పుడే ఆ పాటకు అందం అయింది. ఇంకెవడైనా అయితే సెషన్ రద్దు చేసుకునేవాడు. 1952లో సన్ రికార్డ్స్ పేరుతో సొంత కంపెనీ పెట్టాడు. పసుపుపచ్చ లేబుల్, సూర్యకిరణాలు, కోడిపుంజు.

లోపల గది ఎంతో లేదు. మన రెండు పడక గదులు కలిపినంత. గోడలకూ కప్పుకూ తెల్లటి చిల్లుల పలకలు. కప్పు కోణాలు కోణాలుగా విరిగి ఉంటుంది, చప్పుడు ఎదురు గోడకు తగిలి అలాగే తిరిగి రాకుండా. నేను గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. గైడు పిల్ల ఆగి నా వైపు చూసి, "సౌండ్ ఇంజనీరా మీరు?" అంది. ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ వచ్చీరాగానే అదే చేస్తారట.

* * *

ఆ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి మారియన్ కీస్కర్. సామ్ దగ్గర ఆఫీసు చూసుకునేది. రేడియోలో పేరున్న గొంతు ఆమెది. స్టూడియో నిలబడటానికి సామ్‌తో సమానంగా కష్టపడింది. 1953 వేసవిలో ఒక కుర్రాడు గిటారు పట్టుకుని వచ్చాడు. 3 డాలర్ల 98 సెంట్లు, ఆపైన పన్ను కడితే రెండు పాటలు పాడి డిస్కు పట్టుకుపోవచ్చు. ఎవరిలా పాడతావని అడిగితే, ఎవరిలాగానూ పాడనన్నాడు. ఆమె అతని పేరు రాసుకుని, పక్కన మంచి బాలడ్ గాయకుడనీ, అంటే మెత్తటి పాటలు బాగా పాడతాడనీ, ఉంచమనీ చిన్న చీటీ రాసింది. ఆ 'ఉంచమని' రాసిన ఒక్క మాట! రోజుకి ఎందరొస్తారు, ఎందరు పాడి వెళతారు. టేపు కుర్రాడిగా నాకు తెలుసు, డబ్బా మీద రాసిన ముక్కే ఆ లోపలున్న మనిషికి ఆయుష్షు.

దాదాపు ఏడాది గడిచింది. ఆ కుర్రాడు ఒక ఎలక్ట్రిక్ కంపెనీలో లారీ నడుపుకుంటున్నాడు. మారియన్ గుర్తుచేస్తూనే ఉంది. సామ్ ఒకసారి పిలిచి పాడించాడు, కుదరలేదు. గిటారిస్టు స్కాటీ మూర్‌ని కాస్త వినమన్నాడు. 1954 జులై 4, ఆదివారం, స్కాటీ ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు. మూడోవాడు బిల్ బ్లాక్, ఆ 'పెద్ద ఫిడేలు' మనిషి. ఇద్దరికీ కుర్రాడు పెద్దగా ఆనలేదు. అయినా మర్నాడు సాయంత్రం స్టూడియోకి రమ్మన్నారు.

జులై 5, సోమవారం. మెంఫిస్‌లో జులై ఎలా ఉంటుందో నేను చూశాను, నెల్లూరు మే నెలకేమీ తీసిపోదు, పైగా నది పక్క ఉక్క. ముగ్గురూ పగలంతా పనులు చేసుకుని వచ్చినవాళ్ళే. ఎల్విస్‌కి 19, స్కాటీకి 22, బిల్‌కి 27. అద్దం వెనక గదిలో సామ్‌కి 31. డ్రమ్ములు లేవు. ఒక మామూలు గిటారు, ఒక ఎలక్ట్రిక్ గిటారు, ఒక డబుల్ బేస్. 'హార్బర్ లైట్స్' పాడారు. 'ఐ లవ్ యూ బికాజ్' పాడారు. మెత్తటి పాటలు, టేకు మీద టేకు. తప్పు లేదు, ప్రాణమూ లేదు. ఆ స్థితి నేను ఎన్నిసార్లు చూశానో! అందరూ శ్రుతిలోనే ఉంటారు, ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడరు.

విరామం ఇచ్చారు. ఏదో తాగుతున్నారు, చెమట తుడుచుకుంటున్నారు. ఉన్నట్టుండి ఎల్విస్ గిటారు అందుకుని ఒక పాత బ్లూస్ పాట ఎత్తుకున్నాడు. మిసిసిపీ నల్లజాతి గాయకుడు ఆర్థర్ బిగ్ బాయ్ క్రూడప్ 1946లో పాడిన పాట. ఎత్తుకుని గెంతుతూ, అల్లరిగా, ఉన్న వేగం కన్నా ఎక్కువ వేగంతో. బిల్ బేస్ లాక్కుని తీగలు చెక్కకేసి కొడుతూ కలిశాడు. స్కాటీ కూడా అందుకున్నాడు. కంట్రోలు గది తలుపు తెరిచి ఉంది. సామ్ తల బయటపెట్టి ఏం చేస్తున్నారని అడిగాడు. మాకే తెలియదన్నారు. అయితే వెనక్కి వెళ్ళి, ఎక్కడ మొదలెట్టాలో చూసుకుని, మళ్ళీ అందుకోమన్నాడు.

తర్వాత ఆ పాటని కొన్నిసార్లు వాయించి ఒక దారికి తెచ్చారు. కుర్రాడికి క్రూడప్ పాట తెలిసి ఉండటమే సామ్‌కి ఆశ్చర్యం. టేపు మీద నిలిచింది 1 నిమిషం 57 సెకన్లు. డ్రమ్ము లేని లోటు బిల్ చేతి దెబ్బ తీర్చింది. బిట్రగుంట వరండాలో నేనడిగిన చప్పుడు అదే. గైడు నేల మీద గుర్తులు చూపించి ఇక్కడ ఎల్విస్, ఇక్కడ స్కాటీ, ఇక్కడ బిల్ అంది. నేను బిల్ గుర్తు మీద నిలబడ్డాను. అక్కణ్ణుంచి కంట్రోలు గది తలుపు పట్టుమని కొన్ని అడుగులు.

ఆ తలుపు మూసి ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ అనుకుంటాను. విరామం కదా అని సామ్ కాఫీకి పోయి ఉంటే?

* * *

రికార్డు ఇంకా తయారవక ముందే రేడియోకి ఎక్కింది. డ్యూయీ ఫిలిప్స్ అని ఊళ్ళో వెర్రి అభిమానులున్న అనౌన్సరు, సామ్‌కి చుట్టం కాదు, స్నేహితుడు. చిస్కా హోటలు నుంచి అతని ప్రోగ్రాం వచ్చేది. సామ్ పాటని ఒక డిస్కు మీదికి ఎక్కించి ఇచ్చాడు. ఆ వారంలోనే ఒక రాత్రి డ్యూయీ ఆ పాట వేశాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ మళ్ళీ వేశాడు. ఫోన్లు ఆగలేదు. తన పాట వస్తుందని తెలిసి ఎల్విస్ సిగ్గుపడి, ఇంట్లో రేడియో స్టేషన్ తిప్పి పెట్టి, తను సినిమాకి పోయి చీకట్లో కూర్చున్నాడు. తల్లీ తండ్రీ హాల్లోకొచ్చి వరస వరసా వెతికి పట్టుకుపోయారు. ఆ దృశ్యం తలుచుకుంటే నాకు గుండె కరుగుతుంది. కొడుకు కోసం సినిమా హాలు చీకట్లో తడుముకుంటూ వెతికే తల్లిదండ్రులు ఏ ఊరివాళ్ళయితేనేం.

రేడియో స్టూడియోకి వచ్చిన కుర్రాడు వణికిపోతున్నాడు. ఇంటర్వ్యూ చేస్తానన్న డ్యూయీ మామూలుగా కబుర్లు చెప్పాడు. మధ్యలో ఏ స్కూల్లో చదివావని అడిగాడు. హ్యూమ్స్ అన్నాడు ఎల్విస్. నల్లవాళ్ళకో బడి, తెల్లవాళ్ళకో బడి ఉన్న ఊరది. బడుల్లో ఆ వేర్పాటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. బడి పేరు చెబితే చాలు, పాడింది తెల్లవాడని విన్నవాళ్ళకి తెలిసిపోతుంది. చివర్లో, మరి ఇంటర్వ్యూ ఎప్పుడని ఎల్విస్ అడిగితే, అయిపోయింది, మైకు ఇందాకట్నుంచీ తెరిచే ఉందన్నాడు డ్యూయీ. కుర్రాడికి చెమటలు పట్టాయట. పాట పాడిందీ తనకు తెలియకుండానే, మాట్లాడిందీ తెలియకుండానే.

అప్పటికి రికార్డు రెండో వైపుకి పాటే లేదు. మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ ఏదీ కుదరలేదు. ఈసారి బిల్ బ్లాక్ మొదలెట్టాడు. బిల్ మన్రో పాడిన 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ' నెమ్మదైన మూడు దెబ్బల నడక. దాన్ని గొంతు కీచుగా పెట్టి ఆటపట్టిస్తూ వాయించాడు, అది పరుగందుకుని నాలుగు దెబ్బల్లో పడింది. సన్ స్టూడియో పేరు చెబితే గుర్తొచ్చే ఆ ప్రతిధ్వని ఈ వైపు బాగా వినపడుతుంది. దానికి మెట్లూ అక్కర్లేదు, కాఫీ కుర్రాణ్ణి ఆపక్కర్లేదు. టేపు మిషన్లో రాసే హెడ్డు ఒకటి, చదివే హెడ్డు ఒకటి, రెంటికీ మధ్య కొంచెం ఎడం. రాసిన చప్పుడు ఆ ఎడం దాటి వచ్చేసరికి రెప్పపాటు ఆలస్యం. ఆ ఆలస్యపు చప్పుడుని మళ్ళీ అసలు పాటలో కలపడమే. ఎంత తేలికో! మా పెద్దాయనకు చెప్పి ఉంటే మేడమెట్లు విడుదలయ్యేవి.

ఒకవైపు నల్లవాళ్ళ బ్లూస్, రెండోవైపు తెల్లవాళ్ళ పల్లెపాట. రెండూ వేటికవి లేకుండా పోయాయి. జులై 19న సన్ 209 నంబరుతో విడుదలైంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రకంలోనూ వచ్చింది, కొత్తగా వస్తున్న 45 చుట్ల రకంలోనూ వచ్చింది. సుమారు 20,000 అమ్ముడయ్యాయంటారు. దేశమంతా చూస్తే చిన్న లెక్కే. మరుసటి ఏడాది నవంబరులో సామ్ ఎల్విస్‌తో ఉన్న ఒప్పందాన్ని ఆర్‌సీఏ అనే పెద్ద రికార్డు కంపెనీకి 35,000 డాలర్లకు అమ్మేశాడు. చాలామంది తప్పు చేశాడంటారు. చిన్న కంపెనీ నడిపినవాళ్ళకు తెలుస్తుంది, రికార్డులు అమ్ముడవుతుంటే అచ్చువేసేవాడికి డబ్బు ముందు కట్టాలి, దుకాణాలవాళ్ళు తర్వాత ఎప్పుడో ఇస్తారు. నేను అతన్ని తప్పుపట్టను.

తప్పుపట్టేది వేరే ఉంది. ఆ పాట రాసిన క్రూడప్‌కి రావలసిన రాయల్టీ పూర్తిగా అందనేలేదు. పొలాల్లో కూలిపని చేసుకుంటూ బతికాడు. దానికోసం పోరాడాడు, మొత్తం చేతికి రాకుండానే 1974లో పోయాడు. ఆ పాట విన్నప్పుడల్లా ఆయన 1946 రికార్డు కూడా వినాలని నేను నియమం పెట్టుకున్నాను. ముందు ఆయనది, తర్వాత ఇది. ఆయన పాటలో తొందర లేదు. బరువు మోసి అలవాటైన మనిషి నడక అది.

* * *

ఇప్పుడు ఆ పదకొండు రీళ్ళలో ఏడోదాని సంగతి చెప్పాలి.

అప్పటికి నేను టేపు కుర్రాడి స్థాయి దాటాను గానీ పెద్దాయన లేకుండా మిషను ముట్టుకునే స్వతంత్రం లేదు. ఒక ఎరువుల ప్రకటన కోసం మా నెల్లూరు వైపు నుంచే ఒక బుర్రకథ దళాన్ని పిలిపించారు. కథకుడు తంబురాతో, ఇద్దరు వంతలు డక్కీలతో. ముసలివాళ్ళు. రాత్రంతా రైల్లో నిలబడి వచ్చారు. కాగితం మీద రాసిచ్చింది యూరియా గురించి. పాడారు పాపం. నాలుగు టేకులయ్యాయి. తందాన తాన అన్నప్పుడు మాత్రం గొంతు పైకి లేచేది, యూరియా దగ్గర మళ్ళీ కూలబడేది.

టీ విరామం. పెద్దాయన కిందికి వెళ్ళాడు. నేను మిషను దగ్గరే ఉన్నాను. అద్దం అవతల ఒక వంత టీ గ్లాసు కింద పెట్టి, డక్కీ ఒళ్ళోకి తీసుకుని, ఊరికే వేళ్ళు ఆడించాడు. రెండో ఆయన నవ్వి అందుకున్నాడు. కథకుడు లేవలేదు, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఒక కోతల పాట ఎత్తుకున్నాడు. మా అమ్మమ్మ ఊళ్ళో వరికోతలప్పుడు విన్న వరస. మాటలు మాత్రం నేను ఎక్కడా వినలేదు. ముగ్గురి ఒళ్ళూ కదులుతోంది. వేలి అందెలు ఘల్లుమంటున్నాయి. గదిలో మైకులు తెరిచే ఉన్నాయి, నాకు హెడ్‌ఫోన్లో వాళ్ళ ఊపిరి కూడా వినపడుతోంది.

మిషను ఆగి ఉంది. బటన్ నా చేతికి జానెడు దూరం. టేపు ఖరీదు, అడక్కుండా ముట్టుకున్నావన్న తిట్టు, ఇవి అడ్డొచ్చాయనుకుంటాను. నిజం చెప్పాలంటే వింటూ కూర్చున్నాను. వినడంలో ఉన్నవాడికి చెయ్యి కదల్లేదు. పాట చివరికొస్తోందని తెలిసిన తర్వాత గానీ బటన్ నొక్కలేదు. రీళ్ళు తిరిగాయి. కొన్ని క్షణాలకే పెద్దాయన తలుపు తీసుకుని వచ్చాడు, వాళ్ళు సర్దుకుని లేచి నిలబడ్డారు. తర్వాత ఇంకో టేకు యూరియా. అయిపోయాక నేను ధైర్యం చేసి, "ఇందాకటి పాట మళ్ళీ పాడతారా పెద్దయ్యా?" అని అడిగాను. కథకుడు మర్యాదగా, "ఏదో ఊసుపోక అనుకున్నాం నాయనా, రికార్డుకి పనికొచ్చేది కాదు" అన్నాడు. సాయంత్రం రైలుకి వెళ్ళిపోయారు.

సామ్ ఫిలిప్స్ తలుపులోంచి తల బయటపెట్టిన సంగతి అప్పటికి నేను చదవలేదు.

* * *

కిందటేడు రెండోసారి వెళ్ళినప్పుడు మనవణ్ణి కూడా తీసుకెళ్ళాను. వాడికి తొమ్మిదేళ్ళు. టూరు చివర్లో ఒక పాత మైకు ముందు నిలబడి ఫోటో తీసుకోనిస్తారు. ఎల్విస్ వాడిన మైకు అని చెబుతారు. అందరూ దాన్ని వంచి పట్టుకుని ఫోటో దిగుతున్నారు. మావాడు మైకు దగ్గరికి పోలేదు. బిల్ బ్లాక్ గుర్తు మీద నిలబడి, స్పీకర్లో వస్తున్న పాటకి తొడ మీద అరచేత్తో కొడుతున్నాడు. "తాతా, డ్రమ్స్ లేవు కదా, ఈ సౌండ్ ఏంటి?" అన్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, వాడి వీపు మీదే వేళ్ళతో వాయించి చూపించాను. వాడు కితకితలని మెలికలు తిరిగాడు. గైడు పాట అయిపోయేదాకా ఆగి, మా కోసం మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.

ఇప్పుడు రీళ్ళన్నీ మేడ మీద నీడలో, డబ్బా మూతలు తీసి విడివిడిగా పెట్టాను. వాసన కొంచెం తగ్గింది. ఏడోది అంచులు వంకర తిరిగింది, మరీ పెళుసుగా లేదు. చెన్నైలో నాతో పనిచేసిన స్నేహితుడి దగ్గర పాత స్పూలు మిషను ఒకటి ఇంకా నడుస్తోంది. ఫోన్ చేశాను. శుక్రవారం రమ్మన్నాడు, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళతాను. వచ్చేలోపు కొత్త స్పిరిటూ దూదీ తెచ్చిపెడతానన్నాడు, హెడ్లు తనే తుడుస్తానన్నాడు. వద్దు, నేనొచ్చి తుడుస్తాను అన్నాను.

డబ్బా మీద కాగితం పసుపుపచ్చబడింది. నీలం సిరాతో నా చేతిరాత: బుర్రకథ, ఎరువులు, టేక్ 5 ఓకే. దాని కింద ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక పెన్సిలుతో రాసిన ముక్క ఒకటుంది. సగం చెరిగిపోయింది, కళ్ళద్దాలు పెట్టుకుని వెలుతురుకి వంచితే కనపడుతుంది.

విరామంలో పాట, కొస మాత్రమే. చెరపొద్దు.